అనుమానంతో నేర్చుకున్న అక్షరాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు సత్తెమ్మ, మాది బిజినేపల్లి దగ్గర ఒక ఊరు, ఒకప్పుడు నేను నా సొంత ఇంట్లో ప్రతి ముద్దనూ వాసన చూసి తిన్నదాన్ని! రోగం పోయినవాళ్ళ సాక్ష్యాలు విన్నాను, తాగుడు మానినవాళ్ళ సాక్ష్యాలు విన్నాను, నాది అవేవీ కాదు, నా జబ్బు పేరు అనుమానం, దానికి ఏ దవాఖానలోనూ మందు లేదు.

అది ఊరికే రాలేదు. నా భర్త చనిపోయిన ఏడాదే మా బావగారు పింఛను కాగితమని చెప్పి నా వేలిముద్ర తీసుకున్నాడు, తీరా చూస్తే మా అరెకరం చెలక భూమి ఆయన పేరు మీదికి పోయింది. అప్పటినుంచి కాగితం కనబడితే గుండెదడ, నవ్వుతూ మాట్లాడేవాళ్ళు కనబడితే ఇంకా దడ, తాడు కనబడినా పామే అనుకునేదాన్ని.

నా కొడుకు యోహానుకు ఇటిక్యాల పిల్ల సుజాతను చేసుకున్నాం. పనిమంతురాలు, పదో తరగతి చదివింది, ఒక్కటే నాకు నచ్చలేదు, రోజూ పనంతా అయ్యాక ఒక నోటుబుక్కు తీసి ఏదో రాసేది, నేను దగ్గరికి పోతే మూసేది. ఏం రాస్తోంది? పుట్టింటికి నామీద చాడీలా, చేతబడి చేసే బాణామతి రాతలా? ప్రభువును నమ్ముకున్నదాన్ని అయ్యుండి బాణామతికి భయపడ్డాను, సిగ్గు విడిచి చెప్తున్నాను! ఆమె వండిన అన్నం ముందు కుక్కకు పెట్టి, అది బాగానే ఉందని చూసుకుని నేను తిన్నాను. చివరికి ఒకరోజు ఆ పుస్తకం తీసి జొన్నల డబ్బాలో దాచాను, అడిగితే "నాకేం తెల్వదు" అన్నాను, అంతటితో ఆగకుండా బాణామతి మాట నలుగురి చెవిన వేశాను. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవినే పడింది. సుజాత నా మనుమరాలిని చంకన వేసుకుని ఇటిక్యాలకు వెళ్ళిపోయింది, నా కొడుకు నాతో మాట మానేశాడు.

పుస్తకం నా దగ్గరే ఉంది, చదవడం రాదు. కొడుక్కిస్తే పెళ్ళాం పక్షాన చదువుతాడని అనుమానం, పాస్టరయ్యగారికిస్తే ఆదివారం ప్రార్థన విన్నపాల్లో బయటపడుతుందని అనుమానం.

ఆ రోజుల్లోనే మా మందిరంలో పెద్దవాళ్ళకు చదువు మొదలైంది. సముద్రాల అవతల ఏదో కుటుంబం తమ తల్లి జ్ఞాపకార్థం ఒక నిధి పెట్టిందట, మాకు పలకలు, పుస్తకాలు, గ్రేసమ్మ టీచరు జీతం, అన్నీ అందులోనుంచేనట. మనవైపు చనిపోయినవాళ్ళ పేరున మందిరానికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయించుకుంటాం కదా, మరి ముఖం కూడా తెలియని నాకు అఆలు నేర్పిస్తే వాళ్ళకేం వస్తుంది? ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. ఆధార్ అడుగుతారని కార్డు ఇంట్లో దాచిపెట్టి పోయాను, వాళ్ళు అడగలేదు, అడగకపోయేసరికి ఇంకా అనుమానం! ఫోటో తీస్తే కొంగు అడ్డం పెట్టుకున్నాను. "మా దగ్గర ఏం తీస్కుంటరు, జర దాపెట్టకుండ చెప్పు" అని గ్రేసమ్మను నిలదీశాను.

"ఒక్క ఉత్తరం సత్తెమ్మక్కా. చదువు వచ్చినంక నీ చేతితోని రాయాలె, గంతే. వాళ్ళమ్మకు గూడ చదువు రాకుండెనంట, పిల్లల ఉత్తరాలు పక్కింటోళ్ళతోని చదివించుకుంటుండెనంట. ఆమె పోయినంక పిల్లలు గిట్ల పెట్టిన్రు" అంది ఆమె.

నేను నమ్మలేదు. అయితే మోసం ఎక్కడుందో పట్టాలన్నా, జొన్నల్లో ఉన్న పుస్తకం చదవాలన్నా అక్షరాలు కావాలి కదా! మధ్యాహ్నం చేలో కూలి పని వదిలి రోజూ పోయాను. నేను దొంగను పట్టుకోవడానికి పోతున్నాననుకున్నాను, ప్రభువు నా అనుమానాన్నే పట్టుకుని నన్ను నడిపిస్తున్నాడని నాకేం తెలుసు.

ఒత్తులు నేర్చుకున్నాక ఒకరోజు తలుపు వేసుకుని పుస్తకం తీశాను. మొదట దొరికిన మాట "అత్తమ్మ". చూశావా, అనుకున్నదే, నా గురించే రాసింది! వేలు పెట్టి కూడబలుక్కున్నాను. "ఈరోజు అత్తమ్మ నేను వండిన అన్నం కుక్కకు పెట్టి చూసింది." నిజమే. "అత్తమ్మ నా పెట్టె వెతికింది. చూసి చూడనట్టు ఉన్న." అదీ నిజమే. సహోదరులారా, ఒక్క అబద్ధమన్నా దొరకకపోతుందా అని రోజుల తరబడి పుస్తకమంతా వెతికాను, దొరకలేదు, రాసినవన్నీ నేను చేసినవే! ప్రతి పేజీ కిందా ఒక ప్రార్థన ఉంది. "ప్రభువా, అత్తమ్మ దగ్గు తగ్గించు. నా మీద నమ్మకం పుట్టించు. లేకుంటే నాకు ఓపికన్న ఇయ్యి."

నేల మీద పడి ఏడ్చాను. "ప్రభువా, గిన్నేండ్లు అందరి మోసం ఎతికిన, నా మోసం నా కండ్లకు కనవడలే. ఆ పిల్ల ముంగట నిలవడేటట్టు చెయ్యి తండ్రీ" అని ప్రార్థించాను. మర్నాడు గ్రేసమ్మతో చెప్పాను, ఆ దూరదేశం ఉత్తరం తర్వాత రాస్తాను, ముందు ఒకటి ఇటిక్యాలకు రాయాలని. రాసి పోస్టులో వేయలేదు, మధ్యలో ఎవరన్నా విప్పుతారని అనుమానం! నేనే వనపర్తి బస్సెక్కి, పెబ్బేరులో మారి, కృష్ణ దాటి, వాళ్ళ గడప ముందు నిలబడి ఉత్తరమూ పుస్తకమూ సుజాత చేతిలో పెట్టాను.

ఆమె చదివింది, నా ముఖం చూసింది. "గిది ఎవర్తోని రాయించినవ్ అత్తమ్మా?" అంది.

అంతమందిని అనుమానించిన నన్ను ఆరోజు అనుమానించారు, అది ఎంత గుచ్చుకుంటుందో అప్పుడు తెలిసింది! పెన్ను అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని, ఆమె చూస్తుండగా రాశాను: "సుజాతా, నువ్వు రాసినవన్నీ నిజం. నన్ను క్షమించు." రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా నిలబడి చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అంది: "వస్త అత్తమ్మా. గాని నా పెట్టెకు తాళమేసుకుంట."

"ఏస్కో బిడ్డా" అన్నాను. దేవునికే మహిమ!

ఆ కుటుంబానికీ ఉత్తరం రాశాను, మీరెందుకు ఇచ్చారో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు గానీ మీ అమ్మ పేరున నా ఇల్లు నిలబడింది, వందనాలు అని. ఒక్క ఉత్తరం తప్ప ఏమీ అడగకుండా ఇచ్చేవాళ్ళుంటారని నమ్మలేని నేను, ఏమీ అడగకుండా ప్రాణమిచ్చిన ప్రభువును నమ్మానని ఇన్నేళ్ళు ఏ నోటితో చెప్పుకున్నానో! కూరగాయల తక్కెడను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను, దేవుడు ఇంకా నామీద పని చేస్తున్నాడు. సహోదరీ, నీకూ ఆయన మీద అనుమానం ఉందా? ఉండనీ, అది పోయాక వద్దామని కూర్చోకు, దాన్ని వెంటబెట్టుకునే రా, నేనూ అట్లాగే వచ్చాను.