తుకిరాన్ మేస్త్రీ వంకర బాట

మా తుకిరాన్ మేస్త్రీకి ఒకటే జబ్బు. ఎవరింటి చుట్టూ సిమెంటు బాట వెయ్యమన్నా, ముందు వాకిలంతా ఊక బూడిద చల్లుతాడు. చల్లి, వారం రోజులు అందులో పడ్డ అడుగులు చూస్తూ కూర్చుంటాడు. అడుగులు పడ్డచోటే బాట వేస్తాడు తప్ప, ఇంటి యజమాని చెప్పినచోట చచ్చినా వెయ్యడు.

"బాట ఎక్కడుండాలో కాళ్లు ఎప్పుడో తేల్చేశాయి మాస్టారూ. మనం దానికి సిమెంటు పొయ్యడమే" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. సొంత ఇంట్లో వేయించుకున్నవాడికి తెలుస్తుంది ఆ బాధ.

మా ఊరిపెద్ద సంగతి క్లాతెన్ పట్నం చుట్టుపక్కల అందరికీ తెలుసు. గేటు నుంచి ముందు గుమ్మానికి దర్జాగా బాట వెయ్యమన్నాడాయన. బూడిద చల్లాక తేలిందేమిటంటే, ఆ ఇంట్లోకి పిల్లీ మనిషీ అంతా వంటింటి గుమ్మంలోంచే వస్తారట. తుకిరాన్ ఆరడుగుల వెడల్పు బాట తీసుకెళ్లి వంటింట్లో కలిపాడు. ఇప్పుడు పై అధికారులు వచ్చినా ఉల్లిపాయల బుట్టల మధ్యనుంచి నడిచి రావాలి.

టీకొట్టు సుకిని ఇంట్లో ఇంకా ఘోరం. బాట తిన్నగా వెళుతూ వెళుతూ, మధ్యలో అర్ధచంద్రాకారంగా తిరిగి, మళ్లీ తిన్నగా పోతుంది.

"ఇక్కడెందుకయ్యా వంకర?" అని సుకిని నెత్తి కొట్టుకుంది.

"ఇక్కడ పనసచెట్టుంది కదమ్మా."

"కొట్టేసి మూడేళ్లయింది!"

"చెట్టు పోయింది గానీ, మీరంతా ఇంకా దాని చుట్టూరానే తిరుగుతున్నారమ్మా."

ఇవన్నీ తెలిసీ అతన్ని పిలిచింది నేనే. ఊళ్లో పగుళ్లు రాకుండా సిమెంటు వేసేవాడు అతనొక్కడే. మా అమ్మాయి విదురి పెళ్లి పదహారు రోజుల్లోకి వచ్చేసింది. వానలు మొదలై వాకిలంతా బురద. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, గేటు నుంచి వరండాకి పద్దెనిమిది మీటర్లు, అక్కణ్ణుంచి బావికి తొమ్మిది, అంతా స్కేలు పెట్టి గీసి ఇచ్చాను.

"బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ" అని మెచ్చుకుని, మడిచి, కాఫీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఆ కాగితం మళ్లీ నాకు కనబడలేదు. మర్నాడు పొద్దున్నే రెండు బస్తాల బూడిదతో దిగాడు.

వాన పడితే బూడిద కొట్టుకుపోతుంది. మళ్లీ చల్లుతాడు. మళ్లీ వాన. నాకు పెళ్లి తేదీ తరుముకొస్తోంది, అతనికి బూడిద ఆరాలట. రోజూ పొద్దున్న వేడి కాఫీ, అరటికాయ బజ్జీలు పుచ్చుకుని వాకిట్లో గొంతుక్కూర్చుని, నిన్నటి అడుగుల్ని పేపరు చదివినట్టు పైకి చదువుతాడు.

"మాస్టారు నిన్న మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెనక వసారాలో బెల్లం డబ్బా దాకా వెళ్లారు. వెళ్లేటప్పుడు మునివేళ్ల మీద వెళ్లారు. వచ్చేటప్పుడు నింపాదిగా వచ్చారు."

"ఏమండీ!" అని వంటింట్లోంచి మా ఆవిడ లస్త్రి కేక. "డాక్టరు అంతలా చెప్పాక కూడానా?"

"తుకిరాన్ అన్నా, నిన్ను బాట వెయ్యమన్నానా, నా కొంప ముంచమన్నానా?" అన్నాను.

"నేనేం చెప్పాను మాస్టారూ, బూడిద చెప్పింది" అని ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

బెల్లం గొడవ అలా ఉంచితే, మా ఇంట్లో అసలు దిగులు వేరే ఉంది. మా పెరటి మందార కంచెకి అవతల ఉండేది లస్త్రి సొంత అక్క, మూర్తిని వదిన. అక్కచెల్లెళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. కారణం ఒక అన్నం వండే డేగిసా. వదిన ఎరువు తీసుకెళ్లింది, అది సొట్టతో తిరిగొచ్చింది. సొట్ట ముందే ఉందని వదిన, లేదని మా ఆవిడ. అంతే.

ఇప్పుడు పెళ్లి ముందురోజు పిల్లని పీట మీద కూర్చోబెట్టి ఏడుగురు పెద్దలు పూలనీళ్లు పొయ్యాలి. "పెద్దమ్మ పొయ్యకపోతే నేను పీట ఎక్కను" అని విదురి భీష్మించుకుంది.

"రావద్దని ఎవరన్నారే?" అంటుంది లస్త్రి.

"నువ్వు పిలవాలి కదమ్మా!"

"సొంత అక్కని పిలవడమేమిటి? పరాయిదా?"

అటు వెళ్లి అడిగితే వదినది ఇంకో పాట. "పిలిస్తే రానా మరిదీ? ఒక్క మాట పిలవమను." మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. ముగ్గురాడవాళ్లూ కలిసి ఒప్పుకున్న విషయం ఒక్కటే, నాకేమీ చేతకాదని.

ఐదోరోజు తెల్లవారుజామున నమాజుకి లేచి కాళ్లు కడుక్కుందామని బావివైపు వెళితే, తుకిరాన్ అప్పుడే వచ్చి పెరట్లో చీపురుతో బూడిద చెరిపేస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్ని రోజులు పోగొట్టి, ఆ అడుగులేవో తనే చెరుపుతున్నాడు!

"ఎవరివి ఆ అడుగులు?"

"కోడివి మాస్టారూ."

"కోడి చెప్పులేసుకుంటుందా?"

"పెద్ద కోడి" అన్నాడు మొహం తిప్పుకుని.

ఏడోరోజు నేను శుభలేఖలు తేవడానికి పట్నం వెళ్లాను. లస్త్రి దర్జీ దగ్గరికి వెళ్లింది, వదిన సంతకి వెళ్లింది. సాయంత్రం నేను అందరికంటే ముందు వచ్చి చూస్తే బాట పోసేసి ఉంది. గేటు నుంచి వరండాకి రెండు వంకరలే. పోనీలే, పెళ్లివారు కళ్లు తిరిగి పడిపోరు అనుకున్నాను. పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. మా వంటింటి గుమ్మం నుంచి ఒక పాయ బయల్దేరి, రెండు మందార మొక్కలు పీకిన సందులోంచి దూరి, సరాసరి వదినగారి వంటింటి మెట్టుకి ఆనుకుని ఆగింది.

"తుకిరాన్!" అని అరిచాను. "ఏమిటిది?"

"కలిపిన మాలు మిగిలిపోయింది మాస్టారూ. పారబోస్తే పాపం కదా అని..."

"నలభై అడుగులు మిగిలిందా? ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను, నాకు చెబుతావా?"

గబగబా సిమెంటు ఖాళీ సంచులు చూశాను. నేను తెప్పించినవి సరిగ్గా ముందువైపుకే సరిపోయాయి. పక్కన వేరే రకం సంచులు నాలుగున్నాయి. తుకిరాన్ తన ఇంటి అరుగు కోసం దాచుకున్నానని ఏడాదిగా చెబుతున్న సంచులు అవే.

అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు. "రోజూ సాయంత్రం అమ్మగారు గిన్నె పట్టుకుని కంచె దాకా వెళుతున్నారు మాస్టారూ. గిన్నె పెట్టిన గుండ్రటి అచ్చు కూడా పడింది. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేస్తున్నారు. అవతలకి తొంగి చూస్తే ఆ నేల మీదా అలాంటి అడుగులే, మీ వదినగారివి, కంచె దాకా వచ్చి తిరిగిపోయినవి. ఇది మాత్రం పైకి చదవలేకపోయాను. ఇద్దరూ సిగ్గుపడతారు."

ఆ మనిషిని వారం రోజులుగా మనసులో ఎన్ని తిట్టానో తలుచుకుంటే తల వంగిపోయింది.

లస్త్రి వచ్చి చూసి మొహం ఎర్రగా చేసుకుంది. "ఎవరు చెప్పారు నీకు? తీసెయ్!"

"తప్పు నాదేనమ్మా. కొలత దెబ్బతింది. గట్టిపడ్డాక పగలగొట్టేస్తా. అందాకా మూడ్రోజులు ఎవరూ తొక్కొద్దు, పైన కప్పిన గోనెలు పూటపూటా తడపండి. పగుళ్లొస్తే నా పరువు పోతుంది."

పగలగొట్టబోయేదానికి పగుళ్లు రాకూడదట! అయినా ఎవరూ ఎదురడగలేదు. కంచె అవతలికి వెళ్లి, సంతనుంచి వచ్చిన వదినకీ అదే మాట చెప్పాడు.

మూడు రోజులు ఇటునుంచి ఈవిడ, అటునుంచి ఆవిడ, ఒకరు లోపలికి వెళ్లాక ఒకరు వచ్చి తడిపారు. నాలుగోరోజు ఎండ చుర్రుమంటే ఇద్దరూ బిందెలతో ఒకేసారి వచ్చారు. మధ్యలో ఒక గోనె ఎండిపోయి ఉంది. రెండువైపులా ఎవరికీ అందలేదు.

"అది ఎండిపోయింది" అంది వదిన, గోనెతో చెబుతున్నట్టు.

"కనబడుతోంది" అంది మా ఆవిడ, బిందెతో.

ఇద్దరూ బాట మీద కాలు పెట్టారు. నేను వసారాలో స్తంభం చాటుకి జరిగాను.

"ఎంత వంకరగా వేశాడో చూశావా?" అంది వదిన.

"వాడి మొహం! తాగి వేసినా ఇంతకంటే తిన్నగా వస్తుంది" అంది లస్త్రి.

"మొక్కలు కూడా పీకేశాడు. మనల్ని ఒక్క మాట అడిగాడా?"

మనల్ని అంది! రెండేళ్ల తర్వాత ఆ మాట విన్నాను. సరిగ్గా అప్పుడే తుకిరాన్ సమ్మెట భుజాన వేసుకుని వచ్చాడు. "గట్టిపడినట్టుందమ్మా. పగలగొట్టెయ్యనా?"

"చెయ్యి వేశావంటే చూడు!" ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అతన్ని పట్టుకుని తిట్టిన తిట్లు నా ఆయుష్షులో ఎవరూ తిని ఉండరు. తుకిరాన్ తలొంచుకుని, పళ్లు బయటపెట్టి, పెళ్లికొడుకులా నవ్వుతూ నిలబడ్డాడు.

తిట్టి తిట్టి అలిసిపోయాక వదిన బిందె చంకన పెట్టుకుని అడిగింది. "పిల్లకి నీళ్లు ఎన్నింటికి పోస్తున్నారే?"

"తొమ్మిదింటికి అక్కా."

"ఎనిమిదింటికే వస్తా. నీళ్లలో పూలెన్ని వెయ్యాలో నీకేం తెలుసు?"