మాట పడిపోయిన కంప్యూటర్

నాకు చూపు లేదు. ఇంటర్ చదువుతుండగా మొదలైన జబ్బు డిగ్రీ పూర్తయ్యేసరికి రెండు కళ్లనూ తీసుకుపోయింది. అప్పటి నుంచి నా చదువూ రాతా కంప్యూటర్ గొంతు మీదే నడుస్తున్నాయి. తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది, నేను వింటూ టైపు చేస్తాను.

మేం నస్పూర్‌లో గని కార్మికుల క్వార్టర్లలో ఉంటాం. ఆ రోజు బాపు పొద్దుటి షిఫ్టుకు వెళ్లిపోయాడు. చెల్లెలికి, అంటే మా చిన్నమ్మకు, ఒంట్లో బాగాలేదంటే అవ్వ జైనూర్ వెళ్లింది. మర్నాడు ఆసిఫాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు నన్ను వచ్చి చరిత్ర పాఠం ఒకటి చెప్పి చూపించమన్నారు. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. ఆ పాఠమే కాదు, చూపు పోయాక నేను రాసుకున్నదంతా ఆ కంప్యూటర్‌లోనే ఉంది. అంతకు ముందురోజు సాయంత్రం అప్‌డేట్ జరుగుతోంది, ఆపొద్దు అని అది చెప్తే సరేనని వదిలేశాను.

పొద్దున బటన్ నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది. గొంతు రాలేదు. ఆపి మళ్లీ నొక్కాను. గొంతును పిలిచే మీటలు నొక్కాను. ఫ్యాను చప్పుడే.

చూపున్నవాళ్లకైతే తెర నల్లబడినా నల్లబడిందని తెలుస్తుంది. నాకు అదీ తెలియదు. అది చచ్చిపోయిందో, నన్నేదో అడిగి జవాబు కోసం చూస్తోందో. ఏదో ఒక మీట నొక్కి చూద్దామంటే దేనికి ఒప్పుకున్నట్టవుతుందోనని భయం. ఫోనులో రాతను చదివి వినిపించే యాప్ తెరిచి, కెమెరాను తెర ముందు పట్టుకున్నాను. అది చదివింది గానీ ముక్కలుగా చదివింది. రిపేర్ అంది, కుదరలేదు అంది, ఫైల్ అంది. చూపు పోతున్న రోజుల్లో పుస్తకం తెరిస్తే వాక్యాల మధ్య ఇట్లాగే ఖాళీలు వచ్చేవి. ఫోను దించేశాను.

కరీంనగర్‌లో నాకు కంప్యూటర్ నేర్పిన సార్‌కు ఫోన్ చేశాను. ఆయనకూ చూపు లేదు.

"పరేషాన్ గాకు," అన్నాడు. "గొంతు రాకున్నా మెనూ వచ్చే ఉంటది. కానీ, చూసి చెప్పేటోళ్లు ఒకలు కావాలె. ఇంట్ల ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వలు లేరు సార్."

"పక్కింటోళ్లను పిలువు. ఒక్కటి యాదికుంచుకో. నడుమ రీసెట్ అని వస్తది. తెలువక దాంట్లకు పోతే నువ్వు రాసుకున్నదంతా తుడుచుకపోవచ్చు. మల్ల దొరకది."

గోడ మీద తట్టి పక్కింటి ముస్లిం పిన్నిని పిలిచాను, ఆమెను ఖాలా అంటాను. ఆమె భర్త, మా బాపు ఒకే గనిలో పనిచేస్తారు. ఆమె చదివింది ఉర్దూ మీడియం.

"ఇంగ్లీషు మంచిగ రాదు బేటీ. ఒక్కొక్క అక్షరం చెప్త, చల్తా?"

"చల్తా ఖాలా."

ఫోను స్పీకర్‌లో పెట్టాను. మీటల మీద నా చేతులు, తెర మీద ఆమె కళ్లు, మధ్యలో సార్ మాట. ఆమె అక్షరాలు చెప్తుంటే నేను కూర్చుకుంటూ పోయాను. మొదటి మెట్టు దాటాం.

"ఇప్పుడు రెండు డబ్బాలున్నయి బేటీ. మీదిది ఆర్, ఈ, ఎస్..." ఆమె ముందుకు వంగినట్టుంది, గాజులు నా చేతుల పక్కనే గలగలమన్నాయి. "గిదేనా నొక్కేది?"

"ముట్టకు ఖాలా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేను ముట్టలే బేటీ," అంది ఖాలా మెల్లగా. "గాజులు మీదికి జరుపుకున్న."

రెండో డబ్బాలోకి వెళ్లాం. అంతా చెడగొట్టిన ఆ అప్‌డేట్‌ను తీసేసే చోటు దొరికింది. ఎంటర్ మీద వేలు పెట్టి ఆమెతో ఆ అక్షరాలు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాను. ఇగ నొక్కు అన్నాడు సార్. నొక్కాను.

"చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయి," అంది ఖాలా.

"కరెంటు పోవద్దు," అన్నాడు సార్. "నడుమ ఆగితే ఇగ మనతోని గాదు."

నాది ల్యాప్‌టాప్, దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. ప్లగ్గు వదులు, కాస్త కదిలినా ఊడిపోతుంది. అప్పుడే ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. బ్లాస్టింగ్, రాళ్లను మందు పెట్టి పేల్చడం. అది పేలితే మా క్వార్టర్లో గిన్నెలు కూడా కదులుతాయి.

"ఖాలా, ప్లగ్గు!"

ఆమె గబుక్కున కింద కూర్చున్న చప్పుడు వినిపించింది. "పట్టుకున్న. గట్టిగనే పట్టుకున్న."

నేల అదిరింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఆ మోతలో ఫ్యాను చప్పుడు వినపడలేదు. మోత అణిగాక చెవి పెట్టి విన్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"చుక్కలున్నయా ఖాలా?"

"ఉన్నయి." కాసేపాగి, "అయ్యో, నల్లగైంది బేటీ," అంది.

అంతా పోయిందనే అనుకున్నాను. తర్వాత ఒక్కసారిగా గొంతు వచ్చింది, పాస్‌వర్డ్ అడిగింది. తొందరలో తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. పాఠం తెరిచి మొదటి వాక్యం చదివించాను. ఉంది. ఏడుపు ఆగలేదు.

"గింత జల్ది మాట్లాడుతది, నీకు సమజైతదా?" అంది ఖాలా. ఫోనులో సార్ నవ్వాడు.

ఆమె లేవబోతే చెయ్యి పట్టుకున్నాను. "జరసేపు కూసో ఖాలా." ఆమె అరచెయ్యి తడిగా ఉంది. "నాకు గూడ బుగులైంది బేటీ," అంది. "షాక్ కొడ్తదేమోనని."

మర్నాడు ఆసిఫాబాద్‌లో పాఠం చెప్పాను. బాగానే మొదలైంది. నడుమ ఒకచోట తరగతి అంతా సద్దుమణిగింది. వింటున్నారో, లేచి వెళ్లిపోయారో తెలియలేదు. నోట్లో మాట ఆగిపోయింది.

"ఉన్నరా?" అని అడిగాను.

"ఉన్నం మేడం," అన్నారు పిల్లలు.