అమ్మ నోరు మూసుకున్న ఫొటోలు

మా మర్రిగూడ దిక్కు పుట్టినోళ్లు ఫొటోకు కూసుంటె నోరు తెరువరు. నీళ్లల్ల ఫ్లోరైడు, నోట్లె పండ్లన్నీ పచ్చటి గార. నాది జడ్చర్లల ఫొటో స్టూడియో. మా ఊరోళ్లు వస్తె ముందుగాల నేనే చెప్త: "నోరు ముయ్యిండ్రి, నిటారుగ కూసోండ్రి." మనిషి నడిమిట్ల ఉండాలె, కాళ్లు తెగొద్దు, మొఖం మీద నీడ పడొద్దు. ఇరవై ఏండ్ల సంది గిదే నా పని. మా అమ్మవే ఎన్ని తీసిన్నో.

పోయినేడు మా చెల్లె ఫోనుల ఒకటి తీసింది. అమ్మ ఇంటి కడప కాడ కూసొని కందులు చెరుగుతాంది. ఫొటోల ఒక మూలకున్నది, మిగిలిందంత ఉత్త గోడ. ఒక కాలు తెగింది. ఎండ సగం మొఖం మీదనే పడ్డది. నోరు బార్ల తెరిచి నవ్వుతాంది, గారపండ్లన్నీ కనవడుతున్నయి.

చుట్టాలందరు ఒకటే మెచ్చుకునుడు. నాకు కడుపుల మండింది. పని నేర్చింది నేను, పేరు ఆమెకా?

"గోడను తీసినవా, అమ్మను తీసినవా?" అని ఎక్కిరించిన.

"గా జాగ ఉంటెనే గదన్నా, ఎండ ఎటుకెళ్లి వస్తాందో, అమ్మ ఎటు చూస్తాందో తెలిసేది" అన్నది చెల్లె. నిజమే. నిజమని తెలిసే ఇంకింత మండింది.

గంతల అమ్మ అందుకున్నది: "నేను పోయినంక గోడకు గిదే పెట్టుండ్రి."

"జర సాపు జేసి తెస్త" అన్న. స్టూడియోల కూసొని గోడంత కోసేసిన. అమ్మను నడిమిట్లకు తెచ్చిన, నీడ తీసేసిన, పండ్లు తెల్లగ చేసిన. మా ఊరోళ్లకు ఎవరికైనా చేసేదే గని, నిజం చెప్పాల్నంటె, అది చెల్లె తీసిన ఫొటో కాకుండ చెయ్యాల్ననే చేసిన. ఫ్రేము కట్టి ఇంటికి తీస్కపోయిన, చెల్లె గూడ ఆడనే ఉన్నది.

అమ్మ చేతులకు తీసుకొని చాన సేపు చూసింది.

"గీమె ఎవరురా?"

"నువ్వేనే అమ్మా."

"నా పండ్లు గిట్లున్నయా? గీమెను నీ దుకాణంల పెట్టుకో. నాకు చెల్లె తీసిందే కావాలె."

ఇగ ఆగలేకపోయిన. "నేను గన్ని తీసిన గదనే! నాకు ఒక్కపారన్న గట్ల నవ్వినవా?"

అమ్మ నా దిక్కు వింతగ చూసింది. "నువ్వేగదరా నోరు ముయ్యమనేది. నీ చెల్లె అనలే."

నేను సంచిలకెళ్లి కెమెరా తీసిన. ఫొటోల అమ్మను ఒక మూలకు పెట్టి, గోడంత ఉత్తగ ఇడిసిపెట్టిన. పక్కన చెల్లె ఏదో అంటె అమ్మ పకపక నవ్వింది. బిరాన కెమెరా కంటికి ఆనించిన. నేనేం అనకముందే అమ్మ నోరు మూసింది.