పిప్పరమెంటు కరిగేదాకా

ఊపిరితిత్తుల మీద పరిశోధన చేసే ఒక అమెరికా యూనివర్సిటీ ల్యాబులో సోమవారం మీటింగు మొదలవగానే ప్రొఫెసర్ హాస్కిన్స్ పిప్పరమెంటు బిళ్ళ ఒకటి బుగ్గన పెట్టుకుంటారు. అది కరిగేదాకా నోరు విప్పరు. ‘ఇక్కడ ఒంటి రంగును బట్టి మాటకు విలువ కట్టం’ అని తలుపు మీద రాయించిన రోజు ఈ తెల్లాయన తనకు తానే పెట్టుకున్న కట్టుబాటిది. అసలే మాటకారి. ఊరుకోవడం చేతకాక బిళ్ళ కాగితం నలుపుతూ, మోకాలు ఆడిస్తూ, కొత్తగా చేరినవాళ్ళ మాటే ముందు వింటారు. బిళ్ళ పటుక్కున కొరికారంటే మాత్రం ఇక ఆయన వంతని అందరికీ తెలుసు.

ఆ సోమవారం మాట్లాడింది రోషెల్, మెంఫిస్ నుంచి వచ్చి కొత్తగా చేరిన నల్లమ్మాయి. "డాక్టర్ గారూ, మా నాన్న ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో చేసేవాడు. ఆయాసమని ఆస్పత్రికెళ్తే ఊపిరి కొలిచే మెషిన్‌లోకి ఊదమన్నారు. నల్లవాళ్ళ ఊపిరి ఎలాగూ తక్కువేనని దానికి ముందే లెక్క నేర్పిపెట్టారు కదా, ఆయన ఊదింది తక్కువైనా బానే ఉన్నావంది. మళ్ళీ పనికెళ్ళి ఆ దుమ్ములోనే పోయాడు. మన స్టడీలోనూ ఆ లెక్కే వాడుతున్నాం. వాడమన్నది మీరే."

పటుక్కుమని చప్పుడైంది. "అయిపోయింది, ఇక గంటసేపు పాఠమే," అని పక్కన సీనియర్ ఒకడు గొణిగాడు. హాస్కిన్స్ చెవులు ఎర్రబడ్డాయి. జవాబు నాలుక చివరిదాకా వచ్చినట్టు పెదవులు కదిలాయి. కానీ కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, నోట్లో ముక్కలు మింగి, జేబులోంచి ఇంకో బిళ్ళ తీసి వేసుకున్నారు.