జెరాక్సక్క కంప్యూటరు, మేస్త్రి గృహప్రవేశం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం, కాడుగోడి మార్కెట్టు వెనక సందులో మేడమీద గది. ఆఫీసులో నేను టెస్టింగ్ టీములో చిట్టచివరి మనిషిని. సర్వర్లు ముట్టుకోవడం సంగతి అటుంచండి, వాటి గది తలుపు దగ్గర నా ఐడీ కార్డు పెడితే ఎర్రలైటు వెలిగి అదొక రకంగా కూసేది. కానీ సాయంత్రం ఇంటికొచ్చి, మెట్ల కింద ఉన్న జెరాక్స్ అంగడి ముందు నిలబడ్డానంటే మాత్రం నేనే చక్రవర్తిని. అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటరు నా సామ్రాజ్యం.

ఆ అంగడి మా ఇంటి ఓనరమ్మది. వీధంతా ఆమెను జెరాక్సక్క అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి. తాతల కాలంలోనే బెంగళూరు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు గడగడా చదువుతుంది, కీబోర్డు వైపు చూడకుండా టైపు చేస్తుంది, కానీ చేత్తో ఒక్క తెలుగు అక్షరం రాయలేదు (ఏ బొత్తాం నొక్కితే ఏ అక్షరం వస్తుందో ఆమె వేళ్ళకు తెలుసు, అక్షరం వంపు మాత్రం తెలియదు). చుట్టుపక్కల కడుతున్న అపార్టుమెంట్లలో పనిచేసే మనవాళ్ళకు పెళ్ళికార్డు కావాలన్నా, బారసాల కార్డు కావాలన్నా, తెలుగులో వేసిచ్చే అంగడి ఆ ప్రాంతంలో అదొక్కటే. వచ్చిన ప్రతివాడి పెన్‌డ్రైవు నుంచీ ఆ కంప్యూటరుకు ఏదో ఒక వైరస్ అంటుకునేది. నేను ఆ ఇంట్లో దిగిన నెలకే దాని కష్టం చూడలేక విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా అంటని లినక్స్ ఎక్కించాను. "అంతా నీ ఇష్టమప్పా. నా కార్డులు మాత్రం భద్రంగా ఉండాల" అంది అక్క (అక్కడ అప్పా అంటే తండ్రి కాదు, చనువు). అది రెండేళ్ళు ఒక్కరోజు మొరాయించకుండా నడిచింది. అందులో నా గొప్పతనం ఏమీ లేదని ఇప్పుడు తెలుసు.

రెండేళ్ళ తర్వాత పాత పెట్టె ఆయాసపడటం మొదలుపెట్టింది. అక్క కొత్త కంప్యూటరు తెప్పించింది. "ఇందులో ఉన్నదంతా ఉన్నట్టే అందులోకి మార్చేస్తాను. మీకు తేడాయే తెలియదు" అని నేను హామీ ఇచ్చాను. ఎందుకైనా మంచిదని ఆఫీసులో మా సీనియర్‌ని అడిగాను. ఏది అడిగినా "మాన్యువల్ చదువు" అంటాడని ఆయనకు మేం పెట్టుకున్న పేరు మాన్యువల్ అన్న. ఆ రోజు ఎందుకో దయతలిచి నోరు విప్పాడు.

"ముందు కొత్త పెట్టెలోకి మార్చు. వారం రోజులు వాడనీ. వెర్షను పెంచే పని ఆ తర్వాత. రెండూ ఒకేసారి పెట్టుకోకు. బ్యాకప్ తీసుకో."

"అలాగేనన్నా" అన్నాను. అంత వినయంగా నేను ఒప్పుకున్నానంటే, వినలేదని అర్థం.

శనివారం పొద్దున్నే అంగడిలో పని మొదలుపెట్టాను. బ్యాకప్ అన్నాడు కదా అని అక్క ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవులో వేశాను (ఎంత వేగంగా అయిపోయిందో అని మురిసిపోయాను కూడా). పాత పెట్టెలోని డిస్కు విప్పి కొత్త పెట్టెలో బిగించి స్విచ్ వేశాను. అంతే, వచ్చేసింది! అక్క పెట్టుకున్న మందారప్పువ్వు బొమ్మతో సహా, ఎక్కడివక్కడ, ఏమీ జరగనట్టు. "అయ్యో, అట్లే ఉండాదే!" అని అక్క బుగ్గలు నొక్కుకుంది. మొత్తం ఇరవై నిమిషాల పని. నేను అప్పుడే లేచి చేతులు దులుపుకుని మేడమీదికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆధార్ కాగితాలతో వచ్చిన నలుగురు మనుషులు వెనక నిలబడి చూస్తున్నారు. ఇంత గొప్పవాడికి ఇరవై నిమిషాల పనేమిటి, చిన్నతనంగా ఉండదూ? అదే సమయానికి తెర మీద ఒక చిన్న కిటికీ తెరుచుకుని, కొత్త వెర్షను వచ్చింది, వేయమంటావా అని అడిగింది. వేయమన్నాను.

అది మూడు గంటలు నడిచింది. మధ్యమధ్యలో ఆగి, పాత అమరిక ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడుగుతుంది. కొత్తది అంటాను. మళ్ళీ అడుగుతుంది. కొత్తది అంటాను. దేని గురించి అడుగుతోందో చదివిన పాపాన పోలేదు. చివరికి తనంతట తాను ఆగి, మళ్ళీ లేచింది. లేచి, నల్లటి తెర చూపించింది. ఎడమవైపు పైన ఒక చిన్న తెల్లగీత మినుకుమినుకుమంటోంది. అంతే. ఆపి, మళ్ళీ వేశాను, గీత. తీగలన్నీ పీకి పెట్టాను, గీత. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

"ఏమప్పా, నిద్రపోతుండాదా?" అంది అక్క.

"లోపల పని జరుగుతోందక్కా" అన్నాను. (లోపల ఏ పనీ జరగడం లేదు.)

మాన్యువల్ అన్నకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "రెండూ ఒకేసారి చేశావా?" అన్నాడు. అవునన్నాను. "ఇప్పుడు తప్పు కొత్త పెట్టెదా, కొత్త వెర్షనుదా? ఎట్లా తెలుసుకుంటావు?" అన్నాడు. మాన్యువల్ చదువుతానన్నాను. "బ్యాకప్ ఉంది కదా?" అన్నాడు. ఉందన్నాను. గర్వంగా పెన్‌డ్రైవు నా లాప్‌టాపులో పెట్టి చూస్తే, అందులో ఉన్నవి ఫోల్డర్లు కావు, ఫోల్డర్లకు దారి చూపే గుర్తులు! ఒక్కటి నొక్కితే ఒట్టిది. అన్నీ ఒట్టివి. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం లేక, సిగ్నల్ పోయినట్టు ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం అయిదింటికి మేస్త్రి వచ్చాడు. కుప్పం దగ్గరి పల్లెటూరి మనిషి, మా సందు చివర కడుతున్న అపార్టుమెంటులో పని. నెమ్మదస్తుడు. తలకు కట్టిన తువ్వాలు విప్పి, మెట్టు దిగువనే నిలబడి అడిగాడు.

"అక్కా, కార్డులు అయినాయా? రేపు రెండున్నర బండికి పోతుండాము. గురువారమే గృహప్రవేశం."

అప్పుడు తెలిసింది నాకు. మూడు రోజుల కిందట అక్క టైపు చేసి, దిద్ది, అందంగా చుట్టూ పూలతీగ పెట్టి దాచిన కార్డు ఆ డిస్కులోనే ఉంది. ప్రింటు తీయడమే తరువాయి.

"ఇరవై రెండేండ్లు మందికి ఇండ్లు కడితి సార్" అన్నాడు మేస్త్రి నా వైపు తిరిగి. "ఇప్పుడు మావి రెండు రూములు. కార్డు పంచకుంటే బాగుండదు."

"రేపు పొద్దున రా అప్పా. మా అబ్బాయి చేసిస్తాడు" అంది అక్క. మా అబ్బాయి అన్న ఆ మాట నా గుండెల్లో దిగింది.

ఆదివారం పొద్దున, పాత ఫైళ్ళున్న భాగం ముట్టుకోకుండా, మిగతాది తుడిచేసి కొత్త వెర్షను మొదటినుంచి ఎక్కించాను. అక్క పేరుతో ఖాతా తెరిచాను. తెర వచ్చింది! రంగులు వచ్చాయి! అక్క కార్డుల ఫోల్డరు కనబడింది! నొక్కాను. ఇది తెరిచే అధికారం మీకు లేదు, అంది.

"ఏమంటుండాది?" అంది అక్క.

"అంటే... ఈ ఫైళ్ళు మీవి కావంటోందక్కా."

"నా అంగడి, నా కంప్యూటరు, నా కార్డులు. నావి కాకుండా ఎవరివంట?" అంటూ అక్క నన్ను పక్కకు జరిపి తానే కూర్చుని, కనబడిన ప్రతి ఫోల్డరూ నొక్కడం మొదలుపెట్టింది. అధికారం లేదు. అధికారం లేదు. అధికారం లేదు. తొమ్మిదింటికే వచ్చి బల్ల మీద కూర్చున్న మేస్త్రి తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ చూస్తున్నాడు. ఇంతలో ఒకటి తెరుచుకుంది. "ఇదో, వచ్చింది చూడు!" అని అక్క సంబరంగా పైకి చదివింది.

"ఎత్తు, అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. రంగు, చామనఛాయ. వంట, వచ్చు..."

అది నా పెళ్ళి బయోడేటా. ఎప్పుడో అక్కడ ప్రింటు తీసుకోవడానికి పెట్టి మరిచిపోయాను. రెండేళ్ళ కిందట మొదటిసారి లినక్స్ ఎక్కించినప్పుడు, చక్రవర్తిని కదా, మొదటి ఖాతా నా పేరున తెరిచి, రెండోది అక్కకు ఇచ్చాను. ఈసారి మొదటిది అక్కకే ఇచ్చాను. ఆ యంత్రానికి మనిషి పేరుతో పనిలేదు, వరుస సంఖ్యే లెక్క. అందుకని నావన్నీ అక్క సొంతమయ్యాయి, అక్కవి ఎవరివీ కాకుండా పోయాయి. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా అక్క కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి నన్ను నఖశిఖపర్యంతం కొలుస్తోందని.

"అయిదడుగుల తొమ్మిదా? నువ్వా?"

మేస్త్రి కూడా తలెత్తి ఒక్క చూపు చూశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం. "అయిదున్నర కన్నా రాదు సార్" అన్నాడు, ఏమీ అనుకోవద్దన్నట్టు.

"మొన్న పాలు పొంగి నా మెట్లకాడికి వచ్చిండె కదా, అది ఎవరి వంట?" అంది అక్క.

నవ్వేవాళ్ళు నవ్వారు. నేను గడియారం వైపు చూశాను. పదకొండయింది. మాన్యువల్ అన్న ఆదివారం ఫోన్ తీయడు, అది ఆయన నియమం. పోనీ కార్డు మళ్ళీ టైపు చేద్దామంటే కొత్త వెర్షను ప్రింటరును గుర్తుపట్టడం లేదు. నేను బల్ల మీద తల పెట్టుకుని, "మేస్త్రీ, నన్ను క్షమించు. నా వల్ల కాదు" అన్నాను. ఆ మాట అనడం నా జీవితంలో అదే మొదటిసారి.

అక్క లేచి, ఒక తెల్లకాగితం, నల్ల పెన్ను తెచ్చి నా ముందు పడేసింది.

"సుమ్నే కూచుంటే ఎట్లప్పా, ఊరికే? నువ్వు తెలుగు బడిలోనే కదా చదివింది? రాయి. జెరాక్స్ మెషీన్‌కి నీ లినక్స్‌తో పనిలేదు."

రాశాను. నా దస్తూరీ గురించి మా మాస్టారు అనే మాటలు ఇక్కడ చెప్పను. మొదటి కాగితం వంకరపోయింది, రెండోది మేస్త్రి చెమటచేయి తగిలి అలుక్కుపోయింది. మూడోదానికి మేస్త్రి నా పక్కకు వచ్చి కూర్చుని చెప్పసాగాడు. "మేము ఇల్లు కట్టుకుంటిమి, తప్పకుండా రాండి అని రాయి సార్." నేను దాన్ని 'మేము నూతనముగా నిర్మించుకున్న గృహమునందు' అని మార్చాను. చదివి వినిపిస్తే, "అంత పెద్ద ఇల్లు కాదు సార్ మాది" అన్నాడు. కొట్టేశాను. కింద ఆహ్వానించేవారు అన్నచోట ఆయన పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "మా ఆడమనిషి పేరు ముందు రాయి. ఇటుకలు మోసింది ఆమె." ఆ పేరు రాసేటప్పుడు నా చెయ్యి తిన్నగా నడిచింది. ఎందుకో మరి.

పసుపురంగు దళసరి కాగితం మీద వంద కాపీలు. అక్క ఒక్కొక్కటీ మడిచి, నాలుగు మూలలా పసుపు అద్దింది. తొంభయ్యోదాని దగ్గర నేను చూశాను, ఊరి పేరు రాయలేదు! మళ్ళీ తల పట్టుకున్నాను. మేస్త్రి కార్డు చేతిలోకి తీసుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు. "మా ఊరోళ్ళకు మా ఊరు యాడుండాదో తెలుసులే సార్" అన్నాడు. "బాగుండాది. మా ఇంట్లోవాళ్ళు ఎవరో రాసినట్టుండాది." వెళ్ళేముందు ఒక కార్డు తీసి నా చేతికే ఇచ్చాడు. "నీ పేరు నువ్వే రాసుకో సార్. అక్కతోపాటు రావాల." నా పేరు నేనే రాసుకుని, పక్కన గారు అని కూడా చేర్చుకున్నాను.

మంగళవారం మాన్యువల్ అన్న చెప్పిన ఒక్క వరుస టైపు చేస్తే అక్క ఫైళ్ళన్నీ మళ్ళీ అక్కవయ్యాయి. ఒకే ఒక్క వరుస! రెండు రోజుల పాటు నేను పడ్డ నరకం ఆ తెర మీద నా జానెడు కూడా లేదు. ఇక మిగిలింది ప్రింటరు. బుధవారం కుదరలేదు. గురువారం పొద్దున అక్క పట్టుచీర కట్టుకుని బయలుదేరుతూ, "నువ్వు రావా అప్పా?" అంది. "మీరు వచ్చేలోగా ప్రింటరు నడిపించి చూపిస్తానక్కా, మీరు పదండి" అన్నాను. వేడుకకని ఆఫీసులో పెట్టిన సెలవు పెట్టినట్టే ఉంది, కార్డు జేబులోనే ఉంది. అయినా ఆగిపోయాను. పరువు అనేది ఒకటుంది కదా.

పదకొండు గంటలకు ప్రింటరు కదిలింది. సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని, తెరుచుకున్న ఫోల్డరులోంచి చేతికందిన ఫైలు ఒకటి పంపాను. గరగరమంటూ బయటికి వచ్చింది. చుట్టూ పూలతీగ, ముత్యాల్లాంటి అక్షరాలు, ఊరి పేరుతో సహా, మేస్త్రి గృహప్రవేశం కార్డు. అక్క టైపు చేసింది. మూసి ఉన్న అంగడిలో దాన్ని చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఆ వేళకు అక్కడ పాలు పొంగి ఉంటాయి.

సాయంత్రం అక్క తిరిగొచ్చి, నాకని కట్టిచ్చిన ఓళిగల (మన బొబ్బట్లే) పొట్లం బల్ల మీద పెట్టింది. "రాసిన సార్ యాడ అని మేస్త్రి ఇంటామె అందరి ముందరా అడిగిందప్పా. ఏం చెప్పేది?" అంది. ప్రింటరు సంగతి అడగనే లేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఆ సర్వర్ల గదిలోకి పోగలిగే కార్డు ఉంది, నా కింద పనిచేసే పిల్లలూ ఉన్నారు. కానీ వంద ఇళ్ళకు నా చేత్తో తప్పకుండా రండి అని రాసి, ఆ పిలిచిన వేడుకకు వెళ్ళని ఆ అయిదున్నర అడుగుల చక్రవర్తి అప్పుడప్పుడూ గుర్తుకొస్తాడు. కోపం రాదు, నవ్వే వస్తుంది. భుజం తట్టి, ఒరేయ్, ప్రింటరు ఎక్కడికీ పోదు, చొక్కా మార్చుకుని అక్క వెనకాల నడు, అనాలనిపిస్తుంది. అన్నా వినేవాడు కాదు. అలాగేనన్నా అనేవాడు, మహా వినయంగా.