ట్యాంకు మూత మీద మూడు బొట్లు

తిమ్మయ్యది రాయచోటి దగ్గర పల్లె. కువైట్ నగరంలోని బ్నీద్ అల్ గార్ పేటలో ఒక కువైటీ ఇంట పదేళ్లుగా వంటవాడు. యజమానిని బాబా అనేవాడు, ఆయన ఇల్లాలిని మామా అనేవాడు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం తలపెట్టే మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత ఎవరూ అతని మీద నోరు పారేసుకోకండి.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. ఆయుధాలున్నవాళ్లు అప్పగించాలి, దాచినవాణ్ణి కాల్చేస్తామని హుకుం. బాబా దగ్గర తాతల నాటి వేట తుపాకీ ఉంది, లైసెన్సు కాగితంతో సహా.

"నా ఇల్లు కాచుకోమని నా దేశం ఇచ్చిన హక్కు ఇది. దొంగొచ్చి ఇమ్మంటే ఇస్తానా?" అని బాబా దాన్ని మిద్దె మీద ఎండిపోయిన నీళ్ల ట్యాంకులో పెట్టి మూత బిగించాడు. "తిమ్మయ్యా, ఈ మూత తెరిచేవు, జాగ్రత్త!"

"తెరవను బాబా, మా మద్దమ్మ మీద ఒట్టు" అని తిమ్మయ్య ఊళ్లో ఉన్న పెళ్లాం మీద ప్రమాణం చేశాడు.

తెరవలేదు కూడా.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్టు పెట్టకుండా తిమ్మయ్య ఏనాడూ పొయ్యి వెలిగించి ఎరగడు. కూరల కత్తికి పెట్టాడు, ఇత్తడి రోలుకు పెట్టాడు, గ్యాసు బండకు పెట్టాడు. ఇన్నింటికి పెట్టి, ఇంటిని కాచే అసలు ఆయుధానికి పెట్టకపోతే ఎట్లా? తెరవనని ఒట్టు వేశాడాయె. అందుకని మూత మీదే పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, బాబాను చల్లగా చూడమని దండం పెట్టుకున్నాడు. అయ్యో, వెర్రి తిమ్మయ్యా!

మూడో రోజు సైనికులు సోదాకు వచ్చారు. వంటింట్లో బొట్లు చూసి, ఇవేమిటని అడిగాడు అధికారి.

"మా పండగ సార్. పనిముట్లకు పెట్టుకుంటాం."

బాబానూ తిమ్మయ్యనూ వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాడు. ట్యాంకు ముందు ఆగాడు.

"పనిముట్లకే అన్నావు. ఎండిన ట్యాంకుతో నీకేం పని?"

మూత లేచింది.

"నాది సార్ తుపాకీ! బాబాకేం తెల్దు, నాదే!" అని తిమ్మయ్య వాళ్ల కాళ్ల మీద పడ్డాడు. సైనికులు పగలబడి నవ్వారు. వంటవాడికి తుపాకీ ఎవడిస్తాడు?

బాబా అతని భుజం పట్టి లేపి, "వీణ్ణి వదిలేయండి, నాదే" అని వాళ్లతో నడిచాడు. మళ్లీ ఆయన కబురు లేదు. శవమైనా ఇంటికి రాలేదు.

మామా ఆ రోజు కింది గది దాటలేదు, బొట్ల సంగతి ఆమెకు తెలియదు. "ఎవడో పట్టిచ్చాడు తిమ్మయ్యా! వాడి చేతులు విరిగిపోను!" అని ఏడ్చేది. తిమ్మయ్య చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు.

"మీ దేవుణ్ణీ అడుగు, బాబాను కాపాడమని" అందొకనాడు.

"ముందే అడిగినా మామా" అన్నాడు తిమ్మయ్య.