అడుగు నీళ్ల వేడి

నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, నీళ్లలోకి థర్మామీటరు దించడం అని చెప్పేదాన్ని. నవ్వేవాళ్లు. నేను నవ్వించడానికి చెప్పింది కాదు. ముప్పై ఏళ్లు చేసింది అదే. బంగాళాఖాతం మధ్యలో ఓడ ఆపి, ఇనుప తాడుకు పరికరం కట్టి, కిలోమీటర్ల లోతుకు దించి, మళ్లీ పైకి లాగడం. దిగడానికి గంట పైనే పడుతుంది, ఎక్కడానికి ఇంకో గంట. ఈలోగా తెర మీద గీత కదులుతుంటే చూస్తూ కూర్చోవాలి. పైన వేడి, దిగేకొద్దీ చలవ, ఆ తరువాత చాలా దూరం ఏమీ మారినట్టే ఉండదు. నిద్ర ముంచుకొచ్చే పని. ఆ నిద్రలోనే నా వయసంతా గడిచింది.

మొదటిసారి ఓడ ఎక్కినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పరికరంతో పాటు సీసాలు కూడా దిగుతాయి. అడుగున వాటి మూతలు పడి, అక్కడి నీళ్లను పట్టుకొస్తాయి. ఏప్రిల్ ఎండకు డెక్కు మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోతున్నాం. సీసా కుళాయి తిప్పితే చేతి మీద పడ్డ నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. దక్షిణ ధ్రువం దగ్గర మంచు పక్కన మునిగి, సముద్రపు నేల పట్టుకుని మెల్లగా ఇక్కడిదాకా వచ్చిన నీళ్లవి. మా జట్టుకు పెద్ద అయిన సారు నా చేతులకేసి చూసి, "ఈ నీళ్లు గాలి మొహం చూసి వందల ఏళ్లయి ఉంటుందమ్మా," అన్నారు. తుడుచుకోబుద్ధి కాక తడి చేతులతో అలాగే నిలబడ్డాను.

చాలా ఏళ్ల తరువాత అదే చోటికి మళ్లీ వెళ్లాం. అదే లోతు, అదే నెల. గీత అడుగుదాకా దిగింది. అంకె మాత్రం పాతది కాదు. కొంచెం ఎక్కువ. జ్వరం చూసే థర్మామీటరులో అయితే అసలు కనబడనంత తేడా. కానీ అంత లోతున, అన్ని నీళ్లు ఆ కాస్తయినా వేడెక్కాలంటే పైనుంచి ఎంత వేడి దిగి ఉండాలో మాకు తెలుసు.

సారు కాగితం చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"సముద్రం మారిందనే ముందు మన థర్మామీటరు మారలేదని తేల్చాలమ్మా."

ఆయన అన్నది న్యాయమే. తేల్చడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. పరికరాన్ని సరిచూడటానికి పంపడం, అది తిరిగి వచ్చేదాకా ఎదురుచూడటం, పాత నోటుబుక్కుల్లోని అంకెలన్నీ మళ్లీ కంప్యూటరులోకి ఎక్కించడం. ఓడ దొరికేది కాదు, దొరికితే వాతావరణం బాగుండేది కాదు. అనుమానపడటం ఎంత అలవాటైందంటే, ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకుంటే గానీ గడప దాటేదాన్ని కాదు.

ఆ తొమ్మిదేళ్ల మధ్యలో ఒకసారి సెలవుకు ఏలూరు వచ్చాను. అక్కా బావగారూ అక్కడే ఉంటారు. కొల్లేరు అంచున బావగారికి రెండు చేపల చెరువులు. ఆదివారం చర్చి అయ్యాక ఆయన బండి వెనక కూర్చుని చెరువు దగ్గరికి వెళ్లాను. గట్టు మీద నడుస్తూ ఆయన అడిగారు.

"అన్నేళ్లుగా ఆ సముద్రంలో ఏం చూస్తున్నావమ్మా?"

"పొరలు బావగారూ. గోదావరి, గంగ లాంటి నదుల నీళ్లు తేలిక కదండీ, అవి వచ్చి మన సముద్రం మీద పరుచుకుంటాయి. కింద ఉప్పు నీళ్లు బరువు. పైన వేడెక్కేకొద్దీ రెండూ కలవడం ఇంకా తగ్గిపోతుంది. పైనున్న గాలి కిందికి అందదు."

"మా చెరువూ అంతేనమ్మా. పైన వెచ్చగా ఉంటుంది, దిగితే కాళ్లకు చల్లగా తగులుతుంది. ఆ అడుగు నీళ్లు కంపు కొడతాయి."

సంచిలోంచి చిన్న థర్మామీటరు తీసి, తాడు కట్టి దించాను. ఆయన చెప్పినట్టే ఉంది. నాలుగు రోజులుగా మబ్బు, ఆకు కదలని ఉక్క. చేపలు మేత సరిగా ముట్టడం లేదని ఆయన దిగులు. నాకు తెలిసిందంతా ఒక్కసారి నోటికి వచ్చేసింది.

"ఇంజను గొట్టం అడుక్కి దించి, ఆ నీళ్లు తోడి పైన చల్లిద్దాం బావగారూ. పొర విరిగిపోతుంది, కింద గాలి అందుతుంది."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మబ్బు రోజుల్లో మేం అడుగు కదపమమ్మా. మేత ఆపేసి, కాలవ నీళ్లు కొంచెం కొంచెం పెడతాం."

"కాలవ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందండీ," అన్నాను. చదువుకున్నదాన్ని, ఓడలెక్కినదాన్ని. నా గొంతులో ఆ ధీమా ఉండే ఉంటుంది. ఆయన గొట్టం అడుక్కి దించి ఇంజను వేశారు.

మధ్యాహ్నానికి చెరువు నల్లగా తిరిగింది. చేపలు నోళ్లు పైకి పెట్టి గట్టు వారకు వచ్చాయి. ఇంజను ఆపేశాం. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. సాయంత్రానికి ఎటు చూసినా తెల్లటి పొట్టలే. అడుగున ఎన్నాళ్లుగానో పేరుకున్న కుళ్లంతా పైకి లేచి, పై నీళ్లలో ఉన్న కాస్త గాలినీ మింగేసింది. ఇది నాకు తెలియని శాస్త్రం కాదు. తెలిసి కూడా తట్టలేదు.

పక్క చెరువుల రైతులు పోగయ్యారు. వాళ్లలో ఒకాయన, "ఎవరు తోడమన్నారండీ అడుగు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే బావగారు, "నేనేనండీ. తొందరపడ్డాను," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద ఆయన వీపు వెనక కూర్చుని, ఎందుకలా చెప్పారని అడిగాను.

"నీ మాట విన్నది నేనే కదమ్మా. నేను తొందరపడ్డానంటే ఒక పూట నవ్వుతారు. మరదలు చెబితే చేశానంటే జన్మంతా నవ్వుతారు." ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించారు. ఇల్లు చేరాక అక్క అన్నం పెట్టింది. కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

వానలు వెళ్లాక ఆయన ఆ చెరువు ఎండగట్టి, అడుగు మట్టి తీయించి మళ్లీ చేప పిల్లలు వేశారు. అవి బాగానే ఎదిగాయి. సముద్రానికి ఆ వీలు లేదు. ఆ తరువాత ఏ సెలవుకు వచ్చినా, చెరువు చూద్దాం రమ్మని పిలిచేవారు. తలనొప్పనో, బట్టలు సర్దుకోవాలనో చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన రెట్టించేవారు కాదు.

తొమ్మిదో ఏట ఓడ మళ్లీ దొరికింది. రెండు పరికరాలు పక్కపక్కన కట్టి దించాం. రెండూ ఒకే అంకె చూపించాయి. అది అంతకుముందు చూసినదానికన్నా ఇంకాస్త ఎక్కువ. పైనీళ్లకూ కింది నీళ్లకూ మధ్య వేడిలో తేడా కూడా పెరిగింది. గెలిచినట్టు ఉంటుందని ఎప్పుడో అనుకున్నాను. క్యాబిన్‌లోకి వెళ్లి, బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాను.

సారు అప్పటికే రిటైరయ్యారు. ఒడ్డుకు చేరాక ఫోను చేసి చెప్పాను.

"నీ అంకే నిజమన్నమాట," అన్నారు. "పరికరం తప్పయితే ఎంత బాగుండేదమ్మా."

నేనూ ఇన్నేళ్లు లోలోపల కోరుకున్నది అదేనని అప్పుడు తెలిసింది. నివేదిక రాశాం. చదవవలసినవాళ్లు చదివారు. బాగుందన్నారు.

ఇప్పుడు నేనూ రిటైరై ఏలూరులోనే ఉంటున్నాను. వారానికోసారి తాడేపల్లిగూడెం వెళ్లి ఇంజనీరింగు పిల్లలకు పాఠం చెప్పి వస్తాను. మొన్న పాఠం అయ్యాక బస్టాండులో కూర్చుని ఉంటే ఫోనులో మెసేజీ వచ్చింది. నా తరువాత ఆ పనిలో చేరిన అమ్మాయి పంపింది. మా పాత చోటికే వెళ్లారట. అంకె మళ్లీ పెరిగిందట. కింద ఒక్క ముక్క రాసింది: "ఏం చేయాలి మేడమ్?"

ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన కూరగాయల సంచితో కూర్చున్నావిడ నా మొహం చూసి అడిగింది.

"ఏవండీ, ఏమన్నా చెడ్డ కబురా అండీ?"

"చెడ్డదేనండీ."

"అయ్యో. ఇంట్లోవాళ్లకా అండీ?"

"కాదండీ. సముద్రానికి."

ఆవిడ కంగారుగా ఆకాశంకేసి చూసింది. "తుఫానేమన్నా పట్టిందా అండీ?"

"లేదండీ, తుఫాను కాదు," అన్నాను. ఆవిడ తన సంచి సర్దుకుంది. ఏలూరు బస్సు వచ్చింది. సీట్లు లేవు. భీమడోలు దాకా నిలబడే వచ్చాను. అక్కడ ఎవరో దిగితే కూర్చుని, "కొలుస్తూ ఉండమ్మా" అని జవాబు రాశాను.